వయసుతో పాటు ఏడీహెచ్‌డీ తగ్గుతుందా, లేక రూపు మార్చుకుంటుందా?

ప్రశ్న: రాయగడ అమ్మ

అందరికీ నమస్కారం. మేము ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాము. మా అబ్బాయికి పదమూడేళ్ళు నిండాయి, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడు రెండో తరగతిలో ఉండగా విశాఖపట్నంలో పిల్లల మానసిక వైద్యులు పరీక్షించి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య, ఉందని చెప్పారు. ఆ రోజుల్లో వాణ్ణి పట్టుకోవడం మా ఇద్దరి తరమూ అయ్యేది కాదు. మజ్జిగౌరమ్మ గుడికి వెళితే దర్శనం వరుసలో నా చెయ్యి విడిపించుకుని ముందున్నవాళ్ళ కాళ్ళ మధ్యలోంచి దూరిపోయేవాడు. బడిలో బెంచీ మీద కూర్చున్న సమయం కంటే బెంచీల మధ్య తిరిగిన సమయమే ఎక్కువని టీచర్లు ఫిర్యాదు చేసేవారు. మందు, దానితో పాటు మాకు నేర్పించిన పద్ధతులు, రెండూ చాలా మేలు చేశాయి.

ఇప్పుడు ఆ పరుగులు, గెంతులు దాదాపు లేవు. పుస్తకం ముందు పెట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చుంటాడు, కానీ గంట తరవాత చూసినా అదే పేజీ ఉంటుంది. శనివారం ఉదయం ఇవ్వవలసిన సైన్సు ప్రాజెక్టుకి చార్టు కావాలని శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక గుర్తు చేస్తాడు. లెక్క చేసే పద్ధతి సరిగ్గానే ఉంటుంది, కానీ ఒక వరుస నుంచి తరవాతి వరుసలోకి దించేటప్పుడు మైనస్ కాస్తా ప్లస్ అవుతుంది. టిఫిను డబ్బా, సైకిలు తాళం, రికార్డు పుస్తకం, వీటిలో ఏదో ఒకటి రోజూ ఎక్కడో మిగిలిపోతుంది. ఏమైనా అంటే వెంటనే కోపం వస్తుంది, తలుపు వేసుకుంటాడు, అరగంటకి ఏమీ జరగనట్టే వచ్చి మాట్లాడతాడు.

మా అత్తగారు "వాడు కుదురుకున్నాడు, ఇంకా ఆ మందులెందుకు" అంటున్నారు. మావారు కూడా చిన్నప్పుడు తానూ ఇలాగే ఉండేవాడినని, ఉద్యోగం చేసుకుంటూ బాగానే ఉన్నాను కదా అని అంటున్నారు. నాకు మాత్రం జబ్బు తగ్గిందో, లేక వేరే రూపంలో ఉందో అర్థం కావడం లేదు. పదో తరగతి తరవాత వాణ్ణి విశాఖపట్నంలో హాస్టల్లో ఉంచి చదివించాలన్న ఆలోచన ఉంది. ఈలోగా ఈ విషయంలో స్పష్టత కావాలి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: బరంపురం సైకాలజిస్టు

అమ్మా, నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ అబ్బాయిని చూడకుండా వాడి గురించి తీర్పు చెప్పలేను గాని, మీరు వర్ణించిన మార్పు మాకు బాగా పరిచయమైనది. పరుగులు తగ్గాయి, పని మొదలుపెట్టడం, పట్టు వదలకుండా కొనసాగించడం, వేళకు ముగించడం అనే కష్టం మిగిలింది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామంది ఈ వయసులో ఇలాగే కనిపిస్తారు.

దీనికి కారణం, ఈ సమస్యలోని మూడు పాయలు, అంటే అతి చురుకుదనం, దుడుకుతనం, ఏకాగ్రత లోపం, ఒకే వేగంతో తగ్గకపోవడమే. మూడు నాలుగేళ్ళ వయసులో పిల్లలందరూ ఉరుకుతూనే ఉంటారు కాబట్టి ఆ వయసులో ఎవరిది మామూలు అల్లరి, ఎవరిది కాదు అని తేల్చడం నిపుణులకు కూడా కష్టం. బడిలో చేరి ఒకచోట కూర్చోవలసి వచ్చినప్పుడు, అంటే ఆరు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య, అతి చురుకుదనం అందరి కంటా పడుతుంది. పదేళ్ళు దాటాక మొట్టమొదట తగ్గేది కూడా అదే. అయితే అది పూర్తిగా పోయిందనుకోవడానికి వీలులేదు. గదంతా తిరిగిన పిల్లవాడు ఇప్పుడు బల్ల కింద కాలు ఆడిస్తాడు, పెన్ను మూత తీసి పెడుతూ ఉంటాడు, గట్టిగా అడిగితే లోపల ఏదో తొందరగా ఉందని, కూర్చోవడం హింసగా ఉందని చెబుతాడు. పైనుంచి చూసేవాళ్ళకు ఇది కుదురుగానే కనిపిస్తుంది.

దుడుకుతనం తగ్గడం కంటే వేషం మార్చడమే ఎక్కువ. ఏడేళ్ళప్పుడు పక్కవాడి పెన్సిలు లాక్కున్నవాడు పదమూడేళ్ళప్పుడు ఎదుటివారి మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాడు, వాట్సాప్ గ్రూపులో ఒక్క క్షణం ఆలోచించకుండా ఏదో పెట్టేసి స్నేహితులతో తగువు తెచ్చుకుంటాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఇదే గుణం బండి నడపడంలోనూ డబ్బు ఖర్చు పెట్టడంలోనూ బయటపడుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న యువకుల్లో రోడ్డు ప్రమాదాలు ఎక్కువగా జరుగుతాయన్న విషయం అనేక దేశాల పరిశోధనల్లో తేలింది, కాబట్టి మీవాడికి బైకు తాళాలు ఇచ్చే రోజున ఈ మాట గుర్తుంచుకోవాలి. మీరు చెప్పిన కోపం కూడా ఇందులో భాగమే కావచ్చు. అది నిర్ధారణ లక్షణాల జాబితాలో లేదు గాని, ఈ పిల్లల్లో ఉద్రేకం చప్పున పైకి లేచి చప్పున దిగిపోవడం మేము తరచుగా చూస్తుంటాము.

అన్నిటికంటే మొండిగా నిలిచేది ఏకాగ్రత లోపం. పైగా అది పెరుగుతున్నట్టు కూడా కనిపిస్తుంది. నిజానికి పెరిగేది పిల్లవాడి మీద పడే పని. రెండో తరగతిలో పది నిమిషాల హోంవర్కు, అదీ అమ్మ పక్కన కూర్చుని చేయించేది. ఎనిమిదో తరగతిలో ఏడు సబ్జెక్టులు, వేరువేరు గడువులు, ఎవరూ గుర్తు చేయని ప్రాజెక్టులు. పిల్లవాడి సామర్థ్యం ఏటేటా కొంత పెరుగుతూనే ఉంటుంది, కానీ అవసరం అంతకంటే వేగంగా పెరుగుతుంది. మీ అత్తగారు చూస్తున్నది మొదటిదాన్ని, మీరు చూస్తున్నది రెండోదాన్ని. ఇద్దరూ చూస్తున్నది నిజమే.

మెదడు ఎదుగుదల గురించి ఒక విషయం చెప్పాలి. 2007లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం పిల్లల మెదడును ఏళ్ళ తరబడి స్కాన్ చేసి, మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరుకునే సగటు వయసు మామూలు పిల్లల్లో దాదాపు 7.5 ఏళ్ళు కాగా, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో 10.5 ఏళ్ళని చూపింది. ఆలస్యం అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది నుదుటి వెనక ఉండే భాగంలో. తొందరను ఆపుకోవడానికి, ముందుచూపుతో పని చేసుకోవడానికి అవసరమైన భాగం అదే. దీన్ని చదివినవారు, ఆలస్యమే కదా, ఇప్పుడు కాకపోతే ఇంకో మూడేళ్ళకు అందుకుంటాడు కదా అనుకుంటారు. కొందరి విషయంలో అది నిజమవుతుంది. అందరూ పూర్తిగా అందుకోరు.

ఎంతమంది అందుకుంటారన్న ప్రశ్నకు జవాబు, "తగ్గడం" అంటే ఏమిటని మీరు అనుకుంటున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది. గతంలో వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి 2006లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, పాతికేళ్ళ వయసులో పూర్తి నిర్ధారణకు సరిపోయేవారు సుమారు 15 శాతమే. ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయి "85 శాతం మందికి నయమైపోతుంది" అని చెప్పేవారు ఉన్నారు. కానీ అదే విశ్లేషణలో, కొన్ని లక్షణాలు మిగిలి వాటివల్ల ఇబ్బంది పడుతున్నవారిని కూడా కలుపుకుంటే ఆ సంఖ్య దాదాపు 65 శాతానికి చేరింది. అమెరికాలో 579 మంది పిల్లలతో మొదలై వారు పెద్దవారయ్యేదాకా వెంట నడిచిన ఎంటీఏ అధ్యయనం 2022లో ఇంకా ఆసక్తికరమైన విషయం బయటపెట్టింది. లక్షణాలు పోయి మళ్ళీ రాకుండా నిలిచినవారు సుమారు 9 శాతం మాత్రమే. దాదాపు 64 శాతం మందిలో లక్షణాలు కొంతకాలం తగ్గుతూ, మళ్ళీ తిరిగి వస్తూ ఉన్నాయి. ఒక ఏడాది బాగున్నాడు కాబట్టి ఇక లేదని, ఒక ఏడాది పాడయ్యాడు కాబట్టి చికిత్స పనిచేయలేదని, రెండూ తొందరపాటు నిర్ణయాలే అవుతాయి.

నిర్ధారణ నియమాల్లో కూడా వయసుకు చోటిచ్చారు. 2013 నాటి అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ ప్రకారం పన్నెండేళ్ళ లోపే లక్షణాలు మొదలై ఉండాలి, అవి ఇల్లు, బడి వంటి కనీసం రెండుచోట్ల కనిపించాలి. ఏకాగ్రత లోపానికి తొమ్మిది, అతి చురుకుదనం, దుడుకుతనాలకు కలిపి తొమ్మిది లక్షణాలు ఉంటే, పిల్లల్లో ఏదో ఒక జాబితా నుంచి కనీసం ఆరు ఉండాలి. పదిహేడేళ్ళు, ఆపై వయసువారికి ఐదు చాలు. పదిహేడేళ్ళ కుర్రవాడు బల్లలెక్కడు కాబట్టి, వాడి ఇబ్బందిని బల్లలెక్కే కొలతతో కొలవకూడదన్న వివేకం అందులో ఉంది.

ఒక జాగ్రత్త. ఏడేళ్ళ వయసులో మొదలైనది పదమూడేళ్ళకు రూపు మార్చుకోవడం వేరు, పదమూడేళ్ళకు కొత్తగా మొదలవడం వేరు. మీవాడి విషయంలో మొదటిదే కావచ్చు, అయినా నిద్ర ఎంత పోతున్నాడు, రాత్రి ఫోను ఎప్పుడు పక్కన పెడుతున్నాడు, రక్తహీనత గాని థైరాయిడ్ సమస్య గాని ఉందా, దిగులుగా ఉంటున్నాడా, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలకకుండా ఉంటున్నాడా అన్నవి వైద్యులు ఒకసారి చూడాలి. ఈ చివరిది ఒక రకం మూర్ఛ కావచ్చు. మన కొరాపుట్, రాయగడ వైపు పిల్లల్లో మెదడుకు పాకిన మలేరియా వచ్చి ఫిట్సు పడిన చరిత్ర ఉంటే దాన్ని తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే దాని తరవాత కూడా ఏకాగ్రత దెబ్బతినవచ్చు.

మీవారు చెప్పిన మాటను తేలిగ్గా తీసెయ్యకండి. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో ఏడీహెచ్‌డీలో వారసత్వం పాలు 70 నుంచి 80 శాతం దాకా ఉంది. ఆయన ఏ ఉద్యోగం చేస్తున్నారో, ఇంట్లో కరెంటు బిల్లు ఎవరు గుర్తుంచుకుని కడుతున్నారో ఒకసారి ఆలోచించండి. "బాగానే ఉన్నాను" అన్న మాట వెనక చాలా ఇళ్ళలో ఒక భార్య ఉంటుంది.

జవాబు: జయపురం మాస్టారు

అమ్మా, నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. పైన సైకాలజిస్టు గారు వైద్యం వైపు నుంచి అంతా చెప్పారు, బడి వైపు నుంచి ఒకటి రెండు విషయాలు కలుపుతాను.

ఐదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లే ఉంటారు. వారికి మీవాడి సంగతి తెలుసు. ఆరో తరగతి నుంచి పీరియడుకో టీచరు వస్తారు, ఒకరు చెప్పింది మరొకరికి తెలియదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ఆరులోనో ఎనిమిదిలోనో ఒక్కసారిగా వెనకబడడం చూసి తల్లిదండ్రులు కంగారు పడతారు గాని, వాడి చుట్టూ ఉన్న పిట్టగోడ తీసేశారని గ్రహించరు. విశాఖపట్నం హాస్టలు గురించి మీరు రాసినది చదివినప్పుడు నాకు కలిగిన భయం కూడా ఇదే. అక్కడ మీరు ఉండరు, వాడి టిఫిను డబ్బా వెతికేవారు ఉండరు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఒడియా మీడియంలో చేరిన తెలుగు పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తుంటే, ధ్యాస లేక చూస్తున్నాడా, పాఠం అర్థం కాక చూస్తున్నాడా అన్నది వెంటనే తెలియదు. నేను చేసే పని ఒకటే, అటువంటి పిల్లవాణ్ణి విరామంలో కూర్చోబెట్టి తెలుగులో ఒక పని వరసగా మూడు మెట్లుగా చెబుతాను. ఆఫీసు గదికి వెళ్ళు, సుద్దముక్కల డబ్బా తీసుకో, వచ్చేటప్పుడు కుళాయి కట్టెయ్యి. భాష సమస్య ఉన్నవాడు మూడూ చేసుకొస్తాడు. ధ్యాస నిలవనివాడు ఆఫీసు గది దాకా వెళ్ళి, దారిలో ఉడతను చూసి, ఉత్త చేతులతో నవ్వుతూ తిరిగి వస్తాడు. ఇది పరీక్ష కాదు, నిర్ధారణ అంతకంటే కాదు, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలన్న దానికి నాకు దారి చూపే గుర్తు మాత్రమే.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పుకోవాలి. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులన్నీ మగపిల్లల మీదే ఉంటాయి, ఎందుకంటే వాళ్ళు క్లాసు పాడుచేస్తారు. ఆడపిల్లల్లో తరచుగా ఏకాగ్రత లోపమే ప్రధానంగా ఉంటుంది. వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటుంది, పరధ్యానంగా ఉంటుంది, బుద్ధిమంతురాలని పేరు కూడా తెచ్చుకుంటుంది. తొమ్మిదో తరగతిలో మార్కులు పడిపోయాక బద్ధకం అంటారు, ఆ తరవాత పెళ్ళి సంబంధాలు చూడడం మొదలుపెడతారు. మీకు అమ్మాయి కూడా ఉంటే ఆమె మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఇక మీవాడికి పనికొచ్చే చిన్న పద్ధతులు. ప్రాజెక్టు ఇచ్చిన రోజునే దాన్ని ముక్కలు చేసి, చార్టు ఏ రోజు కొనాలి, బొమ్మ ఏ రోజు గీయాలి అని గోడ క్యాలెండరు మీద వాడి చేతే రాయించండి. మీరు రాస్తే అది మీ పని అవుతుంది. లెక్కల పరీక్షలో చివరి పది నిమిషాలు జవాబుల కోసం కాక గుర్తుల కోసం మాత్రమే చూసుకోమనండి, అంటే ప్లస్, మైనస్ ఒక్కటే చూడాలి, ఇంకేమీ చూడకూడదు. క్లాసు టీచరును కలిసి, శిక్ష తగ్గించమని కాక, ముందు వరుసలో కూర్చోబెట్టమని, హోంవర్కు నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద రాయమని అడగండి. చాలామంది టీచర్లు దీనికి కాదనరు.

పరీక్షల్లో అదనపు సమయం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు, చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి ఉంది. ఈ రెండూ కలిసి ఉండే పిల్లలు తక్కువేమీ కారు. మీవాడు చదివేటప్పుడు అక్షరాల దగ్గర కూడా తడబడుతుంటే దాన్ని కూడా పరీక్ష చేయించండి, పదో తరగతికి రాకముందే.

జవాబు: పర్లాకిమిడి తాతయ్య

అమ్మాయీ, ఇవన్నీ ఈ మధ్య పుట్టిన జబ్బులు. మా కాలంలో అల్లరి పిల్లవాడికి వేపబెత్తం ఉండేది, తరవాత వాడే పెద్దవాడై కుటుంబాన్ని పోషించేవాడు. పిల్లవాణ్ణి మైదానంలో ఆడనివ్వండి, ఫోను లాక్కోండి, తియ్యటి పదార్థాలు తగ్గించండి. అంతకు మించి ఏమీ అక్కరలేదని నా అభిప్రాయం.

జవాబు: బరంపురం సైకాలజిస్టు

అయ్యా, పెద్దవారు, మైదానం గురించి మీరు చెప్పింది అక్షరాలా పాటించదగినది, వ్యాయామం ఈ పిల్లలకు నిజంగా మేలు చేస్తుంది. ఫోను విషయంలో కూడా మీతో విభేదించను. తీపి తినడం వల్ల ఏడీహెచ్‌డీ వస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. ఇక కొత్త జబ్బు అన్న మాటకు వస్తే, ఇటువంటి పిల్లల గురించి జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లో 1902లోనే ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పట్లో దానికి ఈ పేరు లేదు, అంతే. బెత్తం కింద పెరిగినవారిలో కుటుంబాన్ని పోషించినవారు మనకు కనిపిస్తారు, మధ్యలో బడి మానేసినవారు మనతో కూర్చుని మాట్లాడరు కాబట్టి కనిపించరు.

జవాబు: గుణుపురం వాసి

అక్కా, నాది గుణుపురం, ఇప్పుడు విశాఖపట్నంలో ఒక రవాణా కంపెనీలో పనిచేస్తున్నాను. నాకు చిన్నప్పుడు ఎవరూ ఏడీహెచ్‌డీ అని చెప్పలేదు, ముప్పయ్యేళ్ళు వచ్చాక తెలిసింది. మీ అబ్బాయి హాస్టలు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

చిన్నప్పుడు నేనూ గోడలెక్కినవాణ్ణే. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి అది ఆగిపోయింది, అందరూ మారిపోయానన్నారు. ప్లస్ టూ దాకా మార్కులు కూడా తప్పు పట్టేటట్టు ఉండేవి కావు, ఎందుకంటే పొద్దున్నే లేపడం దగ్గర నుంచి పరీక్ష రోజు హాల్‌టికెట్ జేబులో పెట్టడం దాకా అమ్మ చూసుకునేది. ఇంజనీరింగ్‌కి హాస్టల్లో చేరిన మొదటి సెమిస్టరులోనే అసలు రంగు బయటపడింది. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీ నోటీసు బోర్డు మీద ఉందని తెలుసు, నాలుగుసార్లు దాని ముందు నుంచే మెస్సుకి వెళ్ళాను, ఫైను పడ్డాకే కట్టాను. ఉతకవలసిన బట్టలు బకెట్లో నానిపోయి వాసన వచ్చేవి. చదవలేకపోవడం కాదు నా ఇబ్బంది, పుస్తకం తెరవవలసిన క్షణం ఎప్పటికీ ఇప్పుడు కాకపోవడం.

ఇప్పుడు ఆఫీసులో ఎవరూ నన్ను అల్లరివాడని అనరు. రెండు గంటల మీటింగులో కదలకుండా కూర్చుంటాను, కానీ సగం నుంచి ఏమి మాట్లాడుకున్నారో తెలియదు. ఎవరైనా నెమ్మదిగా మాట్లాడుతుంటే వాళ్ళ వాక్యం నేనే పూర్తి చేసేస్తాను, ఇంట్లో నా భార్యకు ఇది ఎంతో చిరాకు. ట్రాఫిక్ చలాన్లు, అవసరం లేకుండా ఆన్‌లైన్‌లో కొన్న వస్తువులు, వీటి కథ చెప్పుకుంటే చాలా ఉంది. డాక్టరు మందు ఇచ్చారు, దానితో పాటు ప్రతి బిల్లూ జీతం పడిన రోజునే దానంతట అదే కట్టుకుపోయే ఏర్పాటు చేసుకున్నాను, చెయ్యవలసిన ప్రతి పనికీ ఫోనులో అలారం పెట్టుకున్నాను. నాకు బాగా పనికొచ్చింది మాత్రం ఉద్యోగంలో విభాగం మారడం. లెక్కలు చూసే కుర్చీ నుంచి లారీలు, లోడింగు చూసే పనికి మారాక, రోజుకు నలభై ఫోన్లు మాట్లాడే ఆ గందరగోళంలోనే నేను అందరికంటే బాగా పనిచేస్తున్నాను.

మీరు చేయగలిగితే ఒకటి చేయండి, హాస్టల్లో చేరే దాకా ఆగకుండా తొమ్మిది, పది తరగతుల్లోనే ఒక్కొక్క పని వాడి చేతికి వదలండి. ముందు బట్టలు, తరవాత ట్యూషను ఫీజు, తరవాత పొద్దున్న లేవడం. మీ కళ్ళ ముందు తప్పులు చేస్తే సరిదిద్దడానికి మీరు ఉంటారు.

మళ్ళీ అడుగుతున్నాను: రాయగడ అమ్మ

అందరికీ ధన్యవాదాలు. కరెంటు బిల్లు సంగతి చదివి మావారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరవాత నవ్వేశారు. మా ఇంట్లో అది నేనే కడతాను.

సైకాలజిస్టు గారూ, ఇంకో మాట. మందు వేసుకున్న రోజు వాడు మధ్యాహ్నం సరిగ్గా తినడు, తోటి పిల్లల కంటే పొట్టిగా కూడా అనిపిస్తున్నాడు. వాడు వేసుకునే ఆ మందు, మెథైల్‌ఫెనిడేట్, రాయగడలో మందుల షాపుల్లో దొరక్క ప్రతిసారీ రైలెక్కి వెళ్ళి తెచ్చుకోవలసి వస్తోంది. పైగా అది అలవాటు పడిపోయే మందని ఒకరు భయపెట్టారు. వేసవి సెలవుల్లో ఆపి చూసి, బాగుంటే అలాగే ఆపేస్తే తప్పా?

జవాబు: బరంపురం సైకాలజిస్టు

మందు రాసేది, ఆపేది వైద్యులు, నేను కాదు. అయినా ఈ నిర్ణయం ఎలా తీసుకుంటారో చెబుతాను, అది తెలిస్తే వైద్యులతో మాట్లాడడం మీకు సులువవుతుంది.

ఆ మందు మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి వస్తుంది, కాబట్టి చీటీ, రికార్డు తప్పనిసరి, అమ్మకం తక్కువగా ఉన్న షాపుల్లో దాన్ని ఉంచరు. భయం కూడా అక్కడి నుంచే పుడుతుంది. వైద్యుల పర్యవేక్షణలో, చెప్పిన మోతాదులో చిన్నతనంలో వాడిన పిల్లలు పెద్దయ్యాక వ్యసనాల్లో పడే అవకాశం అందువల్ల పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఆకలి తగ్గడం మాత్రం నిజం, ఎదుగుదల మీద కొద్దిగా ప్రభావం ఉండడమూ నిజం. అందుకే ప్రతిసారీ ఎత్తు, బరువు కొలిచి రాసిపెట్టాలి. పొద్దున మందుకు ముందు, సాయంత్రం దాని ప్రభావం తగ్గాక కడుపు నిండా పెట్టండి, మధ్యాహ్నం తినకపోతే బలవంతం చేయకండి. అప్పటికీ బరువు తగ్గుతుంటే మోతాదు మార్చడం గాని, అటామాక్సెటిన్ వంటి వేరే రకం మందుకు మారడం గాని వైద్యులు ఆలోచిస్తారు.

వేసవిలో ఆపడం, ఆపి చూడడం అన్నవి రెండు వేరువేరు పనులు. పిల్లవాడి ఆకలి, ఎదుగుదల కోసం కొందరు వైద్యులు సెలవుల్లో విరామం ఇస్తారు, అది ఒకటి. మందు అవసరం ఇంకా ఉందా లేదా అని తేల్చుకోవడం మరొకటి, దానికి వేసవి సెలవులు బొత్తిగా పనికిరావు. పొద్దున్న తొమ్మిదింటికి లేచి, అమ్మమ్మ ఇంట్లో మామిడిపళ్ళు తిని, సాయంత్రం క్రికెట్ ఆడుకునే పిల్లవాడికి ఏకాగ్రతతో పని ఏముంది? ఏడాదికోసారి ఇలా పరీక్షించి చూడడం మంచి పద్ధతే, కానీ అది బడి జరుగుతున్న మామూలు వారాల్లో, పరీక్షలు దగ్గరలో లేనప్పుడు, వైద్యులు చెప్పిన ప్రకారం జరగాలి. ఆ సంగతి తెలియని ఒక టీచరు ఆ వారాల్లో వాడి పని గురించి ఏమంటున్నారో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే మందు ఆపామని తెలిసిన ప్రతివారికీ తేడా కనిపిస్తుంది. ఈ పని తొమ్మిదో తరగతి సగంలో చేయవచ్చు. పదో తరగతిలోనూ హాస్టల్లో చేరిన మొదటి ఆరు నెలల్లోనూ వద్దు, అప్పటికే వాడికి ఎన్నో మార్పులు ఒకేసారి వచ్చి పడతాయి.

ప్రతిసారీ విశాఖపట్నం వెళ్ళలేని పక్షంలో, కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలో గాని, బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాలలో గాని మనోవైద్య విభాగానికి పాత కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళి, మధ్యలో తనిఖీలు అక్కడ చేయించుకోవచ్చా అని మీ వైద్యులనే అడగండి. రాత్రి పూట ఏదైనా సందేహం వచ్చి కంగారు పడితే, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఈసారి వెళ్ళేటప్పుడు గత రెండేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, ఎత్తు, బరువుల కాగితం, లెక్కల నోటు పుస్తకం ఒకటి తీసుకెళ్ళండి. మైనస్ ప్లస్ అయిన పేజీల దగ్గర చీటీ పెట్టి ఉంచండి, డాక్టరుకు మాటల కంటే అవి త్వరగా అర్థమవుతాయి. వీలైతే మీవారిని కూడా వెంట తీసుకెళ్ళండి.